బండి వెనక మూత ఏది మంచిది? కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు పికప్ ఉన్న మన ఇళ్ల కోసం

పోయిన ఐప్పసి నెలలో ఒక సాయంత్రం మా పికప్ బండి కడలై మిట్టాయి పెట్టెలు వేసుకుని కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు బయలుదేరింది. నాలుగు వరుసల రోడ్డు, సుమారు 50 కిలోమీటర్ల దారి, గంట ప్రయాణం. బయలుదేరేటప్పుడు ఆకాశం బాగానే ఉంది. సాత్తూర్ దాటేసరికి వాన పట్టుకుంది. టార్పాలిన్ ఒక మూల కన్నం దగ్గర ముందే కొంచెం చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి గాలి దూరింది, పట్టా పైకి లేచింది, ముందు వరుస పెట్టెలు 32 తడిసిపోయాయి.

నష్టం అంతటితో ఆగలేదు. బండి పక్కన ఆపి, తడి పెట్టెల మీదికి ఎక్కి తాడు మళ్లీ బిగించబోయి మా దగ్గర బండి నడిపే అన్న జారి కింద పడ్డాడు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పనికి రాలేకపోయాడు. తడిసిన మిట్టాయి లెక్క మేము రెండు వారాల్లో మరిచిపోయాం. ఆ చేతి లెక్క మాత్రం ఇప్పటికీ మరవలేదు.

తర్వాత ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా తమ్ముడు మధురైలో స్నేహితుడి డబుల్ క్యాబ్ బండికి వేసిన హార్డ్ ఫోల్డింగ్ కవర్ చూసి వచ్చాడు. "మూడు మడతలు, తాళం కూడా పడుతుంది పెదనాన్నా, మనమూ అదే వేయిద్దాం" అన్నాడు. పెదనాన్న తల ఎత్తకుండానే "మన తాతలు గూడు బండిలో పత్తి తోలారు రా, ఆ గూడుకు తాళం ఉందా?" అన్నాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఆ సగం సగం కలిపి చూడడానికి మేము టార్పాలిన్ కుట్టేవాళ్లను, బాడీ కట్టే పట్టరల వాళ్లను, బండ్లు నడిపేవాళ్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. వాన రాకడ ఎవరికీ తెలియదంటారు. మూత సంగతి మాత్రం వాన రాకముందే తేల్చుకోవచ్చు.

ముందు మీ బండి తొట్టి ఏ రకమో చూడండి

పికప్ అనే ఒకే మాటతో మనం రెండు వేరు వేరు బండ్లను పిలుస్తున్నాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటిది సరుకు బండి. మహీంద్రా బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, టాటా యోధా, 2005లో వచ్చిన టాటా ఏస్ ఈ కోవలోవి. ఏస్‌ను మన వైపు అందరూ కుట్టి యానై అనే పిలుస్తారు. వీటి వెనక తొట్టి బల్లలాగా చదునుగా ఉంటుంది. చాలా వాటికి రెండు పక్కలా, వెనకా డోర్లు కిందికి దిగుతాయి. మూడు వైపుల నుంచీ సరుకు ఎక్కించడానికీ దించడానికీ వీలుగా చేసిన ఏర్పాటు అది.

రెండోది కారులాంటి పికప్. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2022లో మన దేశానికి వచ్చిన టొయోటా హైలక్స్ ఇలాంటివి. ముందు ఐదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సుమారు ఐదు అడుగుల పొడవున్న చిన్న తొట్టి. ఈ తొట్టి పక్క గోడలు కదలవు. వెనక డోరు ఒక్కటే తెరుచుకుంటుంది.

హార్డ్ ఫోల్డింగ్ కవర్ పుట్టింది ఈ రెండో రకం బండి కోసం. కదలని పక్క గోడల పై అంచును పట్టుకుని అది నిలబడుతుంది. డోర్లు దిగే బండికి అలాంటి కదలని అంచు లేదు. పక్క డోరు మీద బిగిస్తే డోరు దిగదు, డోరు దిగాలంటే మూత తీసేయాలి. అంతేకాదు, మన సరుకు బండిలో పెట్టెలు, మూటలు డోరు అంచు కంటే రెండు మూడు అడుగులు పైకి వస్తాయి. చదునైన మూత వాటి మీద ఎలా పడుతుంది? మా తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది.

హార్డ్ ఫోల్డింగ్ కవర్ ఎలా పనిచేస్తుంది

సొంతంగా డబుల్ క్యాబ్ పికప్ ఉన్న మన ఇళ్లు కూడా ఇప్పుడు కొన్ని ఉన్నాయి. వాళ్లకు ఈ భాగం పనికొస్తుంది.

ఈ మూత మూడు లేక నాలుగు గట్టి పలకలుగా ఉంటుంది. పలకలు అల్యూమినియంతో గానీ, నడుమ ఫోమ్ పెట్టి పైన ఫైబర్ పొర వేసి గానీ చేస్తారు. పలకల మధ్య కీళ్లు, వాటి మీద రబ్బరు పట్టీ ఉంటాయి. లోపలి నుంచి నాలుగు మూలలా క్లాంపులు తొట్టి అంచును పట్టుకుంటాయి. చాలా రకాలకు బండికి రంధ్రం వేయాల్సిన పని ఉండదు. వెనక పలక గొళ్లెం లాగితే లేస్తుంది. దాన్ని మడిచి రెండో పలక మీద, రెండూ కలిపి ముందు పలక మీద వేస్తారు. మూత మొత్తం బరువు సాధారణంగా 25 నుంచి 35 కిలోల లోపు ఉంటుంది.

దీని లాభాలు మూడు. ఒకటి, లోపల ఏముందో బయటికి కనబడదు. వెనక డోరుకు తాళం ఉంటే మూతకూ తాళం ఉన్నట్టే, ఎందుకంటే గొళ్లెం లోపలి వైపు ఉంటుంది. వెనక డోరుకు తాళం లేకపోతే ఎంత ఖరీదైన మూత వేసినా ఉపయోగం లేదు. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. రెండు, ఒక్క మనిషి అర నిమిషంలో తెరిచి మూయగలడు. తాడు లేదు, ముడి లేదు, పైకి ఎక్కే పని లేదు. మూడు, గాలికి కొట్టుకోదు. కయత్తారు గాలిమరల దారిలో ఆని, ఆడి నెలల గాలిలో బండి నడిపినవాళ్లకు ఈ మూడో మాట విలువ తెలుసు.

కష్టాలు కూడా ఉన్నాయి. ఈ తొట్టి లోతు సుమారు ఒకటిన్నర అడుగు. మూత వేస్తే ఆ లోతుకు మించిన సరుకు పట్టదు. గోనె మూట నిలబెట్టలేరు, పడుకోబెట్టాలి. సైకిల్, ఫ్రిజ్, గడ్డి మోపు లాంటివి ఎక్కించాలంటే మూత మడవాలి. మడిచిన మూత క్యాబిన్ వెనక అద్దానికి కొంత అడ్డు వస్తుంది. మడిచి నడిపేటప్పుడు దాన్ని పట్టీలతో బిగించకపోతే గాలికి లేచి అద్దాన్ని కొడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి నీరు. అమ్మేవాళ్లు చాలాసార్లు వాటర్‌ప్రూఫ్ అంటారు. నిజానికి ఇది నీటిని చాలావరకు ఆపుతుంది, పూర్తిగా ఆపదు. కీళ్ల దగ్గర, వెనక డోరు సందుల్లో, క్యాబిన్ వైపు అంచులో జోరు వానకు చుక్కలు దిగుతాయి. అలా దిగిన నీటిని బయటికి పంపడానికి కొన్ని మూతలకు పక్కన కాలువలు, వాటి చివర సన్నని గొట్టాలు ఉంటాయి. మన నల్లరేగడి, ఇక్కడి తమిళంలో కరిసల్ మట్టి, ఎండలో పిండిలాంటి దుమ్ము, వానలో జిగట బురద. ఆ దుమ్ము గొట్టంలో చేరి తడిస్తే మూసుకుపోతుంది. అప్పుడు కాలువలో నీరు పొంగి లోపలికే దిగుతుంది. అందుకే ఈ మూత కొన్నవాళ్లు వానలకు ముందు గొట్టాల్లో నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడాలి.

కొనేముందు ఈ నాలుగూ సరిచూసుకోండి. మీ బండి మోడల్, తయారైన సంవత్సరం రెండింటికీ సరిపోయే మూతేనా? తొట్టి లోపల ప్లాస్టిక్ లైనర్ వేసి ఉంటే అది అంచు మీదికి వచ్చిందా? వస్తే క్లాంపు సరిగా పట్టదు. క్యాబిన్ వెనక స్టీలు రోల్ బార్ పెట్టించారా? అది చాలా మూతలకు అడ్డం. రబ్బరు పట్టీ, గొళ్లెం, కీలు విడిగా దొరుకుతాయా? మన ఎండకు ముందు చెడిపోయేది రబ్బరే. పట్టీ విడిగా దొరకని మూత ఎంత ఖరీదు పెట్టి కొన్నా నాలుగేళ్లకు మూలన పడేయాల్సి వస్తుంది.

సరుకుకు ఏం కావాలి?

బండి సంగతి అయ్యాక సరుకు సంగతి చూడాలి. మూత అనగానే అందరం వాన ఒక్కటే తలుస్తాం. ఒక్కో సరుకుకు ఒక్కో శత్రువు ఉంది.

కడలై మిట్టాయి: 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కోవిల్‌పట్టి మిట్టాయి ప్రాణమంతా ఆ కరకరలోనే ఉంది. బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి వాన చుక్క పడకపోయినా తడి గాలి చాలు మెత్తబడడానికి. ఎండ వేడికి పాకం అంటుకుంటుంది. దీనికి నీరు, తేమ, వేడి మూడూ పడవు. మూతతో పాటు లోపలి పెట్టె గట్టిగా అతికి ఉండాలి.

అగ్గిపెట్టెలు: కోవిల్‌పట్టి, సాత్తూర్, కళుగుమలై వైపు ఎన్నో ఇళ్ల కూడు ఇది. పుల్ల తల మీది మందును పట్టి ఉంచేది జిగురు. తేమ తగిలితే ఆ జిగురు మెత్తబడుతుంది, గీస్తే మందు రాలిపోతుంది. ఇంకోవైపు రాపిడి, వేడి కూడా ప్రమాదమే. ఎండలో కాగే ఇనుప పెట్టెలో గాలి ఆడకుండా గంటల తరబడి ఉంచకూడదు. కట్టలు ఒకదానికొకటి రాసుకోకుండా సర్దాలి. ఈ సరుకు ఎక్కించే, దించే చోట బీడీ, సిగరెట్ మాటే ఉండకూడదు.

బాణసంచా మాట వేరు. శివకాశి సరుకు రవాణాకు పేలుడు పదార్థాల చట్టం కింద ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. అది మామూలు మూతతో తేలే విషయం కాదు. కిరాయి వచ్చింది కదా అని మామూలు పికప్‌లో వేసుకోవద్దు.

మిరప, ధనియాలు, పప్పులు: విరుదునగర్ మండీకి వెళ్లే మిరపకు తడి తగిలితే బూజు పడుతుంది, రంగు పోతుంది, ధర పడిపోతుంది. కానీ గాలి అసలు ఆడకపోయినా మూట లోపలి తేమే ఆవిరై పట్టా కింద చెమటలాగా పడుతుంది. వీటికి పైన నీరు ఆగాలి, పక్కన కొంచెం గాలి ఆడాలి.

పత్తి: రాజపాళయం మిల్లుల వైపు వెళ్లే పత్తి తేలిక, ఎత్తు ఎక్కువ. దానికి బరువైన మూత కాదు, బాగా బిగిసే మూత కావాలి. గాలికి ఎగిరే దూది రోడ్డు మీద వెనక వచ్చే బండికి ప్రమాదం.

కూరగాయలు, పూలు: వీటికి వాన కంటే ఎండ ఎక్కువ చెరుపు. నీడ ఉండాలి, గాలి ఉండాలి. గట్టి మూత కింద పెడితే మధ్యాహ్నానికి ఉడికిపోతాయి.

చివరగా ఒక మాట. మనుషులు గానీ, మేకలు గానీ గట్టి మూత కింద ఎప్పుడూ ఉండకూడదు. పిల్లలు దాగుడుమూతలకు అందులో దూరే అవకాశం ఉంటే బండి నిలిపినప్పుడల్లా తాళం వేయండి.

టార్పాలిన్ కొనేవాళ్లకు

మన సరుకు బండ్లలో ఎక్కువ వాటికి ఇప్పటికీ ఇదే మూత. మన ఇళ్లలో తార్పాయి అని తమిళ మాటే వాడతాం. అంగడిలో మూడు రకాలు ఉంటాయి.

కాన్వాస్ అంటే మైనం పట్టించిన నూలు గుడ్డ. బరువైనది, గాలికి తక్కువగా కొట్టుకుంటుంది, కొంచెం గాలి ఆడనిస్తుంది. తడిగా మడిచి పెడితే మాత్రం బూజు పట్టి నెలల్లో చీకిపోతుంది. హెచ్‌డీపీఈ అంటే నేసిన ప్లాస్టిక్. తేలిక, చవక. ఎండకు పొడిబారి చిట్లిపోతుంది, కన్నాల దగ్గర ముందు చిరుగుతుంది. పీవీసీ పూత వేసిన గుడ్డ ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, నీటిని బాగా ఆపుతుంది. చిరిగితే వేడి గాలితో అతుకు వేయించుకోవచ్చు.

మందం జీఎస్ఎం లెక్కలో చెబుతారు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. అంగడివాడు చెప్పిన లెక్క నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు, కావాల్సింది ఒక తక్కెడ మాత్రమే. 16 అడుగుల పొడవు, 12½ అడుగుల వెడల్పు ఉన్న పట్టా 200 చదరపు అడుగులు, అంటే సుమారు 18.6 చదరపు మీటర్లు. 200 జీఎస్ఎం అయితే అది దాదాపు 3.7 కిలోలు తూగాలి. 600 జీఎస్ఎం పీవీసీ అయితే దాదాపు 11 కిలోలు తూగాలి. అంచు తాడు, కన్నాలతో కొంచెం ఎక్కువే ఉండవచ్చు. తక్కువ తూగితే మాత్రం చెప్పిన మందం లేదన్న మాట.

కొలత ఎలా తీసుకోవాలి? తొట్టి 9 అడుగుల పొడవు, 5½ అడుగుల వెడల్పు అనుకుందాం. సరుకు డోరు పై అంచు కంటే 2½ అడుగులు పైకి వస్తుంది. పట్టా డోరు మీదికి ఇంకో అడుగు దిగాలి, అప్పుడే నీరు లోపలికి కాకుండా బయటికి కారుతుంది. అంటే ప్రతి వైపూ 3½ అడుగులు దిగాలి. పొడవు 9 + 3½ + 3½ = 16. వెడల్పు 5½ + 3½ + 3½ = 12½. తొట్టి కొలత చూసి 12 అడుగుల పట్టా కొనేవాళ్లకు వాన ఎప్పుడూ పక్కలోంచే వస్తుంది. రెడీమేడ్ పట్టా కుట్టు మడతల తర్వాత చెప్పిన కొలత కంటే కొంచెం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

కన్నాలు చూడండి. అంచు మడత లోపల తాడు పెట్టి కుట్టారా, కన్నం చుట్టూ రెండో పొర గుడ్డ ఉందా? మా పట్టా చిరిగింది సరిగ్గా అక్కడే. అప్పుడే వేయించాల్సిన చిన్న అతుకును రేపు రేపు అని వదిలేశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

కమ్మీల మీద హుడ్, లేక కంటెయినర్ బాడీ

టార్పాలిన్ అసలు లోపం గుడ్డలో లేదు. అది సరుకు మీద ఆనుకుని ఉంటుంది. సరుకు సమంగా లేకపోతే గుంటల్లో నీరు నిలుస్తుంది. 9 అడుగుల తొట్టి మీద అంగుళం మందం నీరు నిలిస్తే దాని బరువు దాదాపు 115 కిలోలు. ఆ బరువుకు కింది పెట్టెలు నలుగుతాయి, చివరికి గుడ్డ చిరుగుతుంది.

దీనికి మన పెదనాన్న చెప్పిన గూడు బండే దారి చూపుతుంది. తొట్టికి రెండు పక్కలా సాకెట్లు వేసి, విల్లులా వంచిన ఇనుప కమ్మీలు రెండు రెండున్నర అడుగులకు ఒకటి చొప్పున నిలబెడతారు. నడుమ ఎత్తు, పక్కలకు వాలు. పైన కొలతకు కుట్టిన పీవీసీ హుడ్ వేసి పక్కల బెల్టులతో, బకిల్స్‌తో బిగిస్తారు. నీరు నిలవదు, సరుకు మీద బరువు పడదు, లోపల గాలి ఆడడానికి కొంచెం జాగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మనిషి పైకి ఎక్కే పని లేదు. నేల మీద నిలబడే బిగించవచ్చు. కమ్మీలు ఊడదీస్తే బండి మళ్లీ ఖాళీ తొట్టి, గడ్డి, గొట్టాలు ఏవైనా వేసుకోవచ్చు. వెనక భాగం మాత్రం తెరలా కాకుండా రెండు పొరలుగా ఒకదాని మీద ఒకటి పడేలా కుట్టించండి. నడిచే బండి వెనక గాలి సుడి తిరిగి వానను లోపలికే లాగుతుంది.

కంటెయినర్ బాడీ అంటే నాలుగు వైపులా మూసిన పెట్టె. రోజూ ఒకే రకం సరుకు, ఎక్కువ దూరం, రాత్రి నిలుపుదల ఉన్నవాళ్లకు ఇదే మంచిది. వానకూ దొంగకూ రెంటికీ అడ్డు. కానీ దాని సొంత బరువు కొన్ని వందల కిలోలు. ఉదాహరణకు మీ బండి మోయగలిగేది 1300 కిలోలు అయి, పెట్టె 350 కిలోలు తూగితే, సరుకుకు మిగిలేది 950 కిలోలే. మిట్టాయి, అగ్గిపెట్టెలు లాంటి తేలిక సరుకుకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. పప్పు మూటల వాళ్లకు ప్రతి ట్రిప్పులో ఏడు 50 కిలోల మూటలు పోయినట్టే.

చట్టం ఏం చెబుతుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఈ సెక్షన్‌ను గట్టిగా పాటించాలని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. తాడుతో కట్టే టార్పాలిన్‌తో ఈ చిక్కు లేదు. తెరిచిన బాడీని కంటెయినర్‌గా మార్చడం మాత్రం బాడీ రకాన్నే మార్చడం. దానికి ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని, ఆర్‌సీలో రాయించుకోవాలి, ఇన్సూరెన్సు కంపెనీకీ చెప్పాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిం దగ్గర ఆ మాట బయటికి వస్తుంది. సాకెట్లు వెల్డింగ్ చేయించే ముందు, గట్టి మూత బిగించే ముందు కూడా ఒకసారి ఆర్టీవో ఆఫీసులో అడిగి వెళ్లడం మంచిది.

బరువు మాట కూడా ఇక్కడే. మూత బరువు, కమ్మీల బరువు అన్నీ బండి మొత్తం బరువులో కలుస్తాయి. 194వ సెక్షన్ ప్రకారం అనుమతించిన బరువు దాటితే 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. సరుకు పక్కలకు, ముందుకు, వెనక్కు లేక అనుమతించిన ఎత్తుకు మించి బయటికి వచ్చినా 20,000 రూపాయల జరిమానా ఉంది. టార్పాలిన్ వేలాడి వెనక లైటును గానీ, నంబరు పలకను గానీ కప్పకూడదు. రాత్రి వానలో వెనక వచ్చే లారీకి మన బండి కనబడేది ఆ లైటుతోనే.

వానలకు ముందు చేయాల్సినవి

మన వైపు వాన ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరులో తూత్తుకుడి జిల్లాలోని కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్ల వాన పడింది. అంత వానకు ఏ మూతా చాలదు, ఆ రోజు బండి తీయకపోవడమే తెలివి. మామూలు వానకు మాత్రం పురటాసి నెలలోనే ఈ పనులు చేసి పెట్టుకోండి.

పట్టానో హుడ్‌నో ఎండలో పరచి వెలుతురుకు ఎత్తి చూడండి, చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడిన చోటల్లా అతుకు వేయించండి. ఖాళీ బండికి మూత బిగించి, పది నిమిషాలు గొట్టంతో నీళ్లు కొట్టి, లోపల పాత పేపర్లు పరచి ఏ మూల తడిసిందో చూడండి. తొట్టి అడుగున చెక్క పలకలు వేసి సరుకును రెండు అంగుళాలు పైకి లేపండి. పై నుంచి కాకపోతే చక్రాలు ఎగజల్లే నీరు డోరు సందుల్లోంచి వస్తుంది. తడిసిన మూతను ఆరబెట్టకుండా మడవకండి. తాడు, రబ్బరు, బెల్టులు ఒక జత అదనంగా సీటు కింద ఉంచండి.

ధర అడిగేటప్పుడు కనీసం మూడు చోట్ల అడగండి. మూత ధర ఒక్కటే కాదు, బిగింపు, అతుకు, విడి భాగాల ధర కూడా అడగండి. పోయిన రెండు వానాకాలాల్లో తడిసి పోయిన సరుకు విలువ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. ఆ అంకె చిన్నదైతే మంచి టార్పాలిన్ చాలు. ఆ అంకె మూత ధరకు దగ్గరగా వస్తే ఆలోచించాల్సిన పని లేదు.

మేము ఏం చేశాం?

మా బండికి పక్క డోర్లు దిగుతాయి. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా దారిలో ఐదారు అంగళ్ల దగ్గర సరుకు దించుతాం. పెట్టెలు నాలుగు అడుగుల ఎత్తు పేరుస్తాం. ఇవన్నీ కాగితం మీద రాసేసరికి హార్డ్ ఫోల్డింగ్ కవర్ మాకు కుదరదని తమ్ముడే చెప్పాడు. కంటెయినర్ వేస్తే తిరుగు ప్రయాణంలో గడ్డి, గొట్టాలు లాంటి కిరాయిలు పోతాయి. చివరికి కమ్మీల మీద పీవీసీ హుడ్ వేయించాం, అదీ ఆర్టీవో ఆఫీసులో అడిగాకే. పక్కలు కిందికి కాకుండా పైకి చుట్టుకునేలా కుట్టించాం, డోరు దించడానికి అడ్డం లేకుండా. "ఇది గూడు బండే కదరా" అని పెదనాన్న నవ్వాడు. తమ్ముడు కూడా నవ్వాడు.

బకిల్స్ ఏ ఎత్తులో ఉండాలో నిర్ణయించింది మాత్రం మేము కాదు. మణికట్టు నయమై తిరిగి వచ్చిన అన్ననే బండి పక్కన నిలబెట్టి, నేల మీది నుంచి అతని చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో అక్కడ సుద్దతో గీత గీయించాం. కుట్టేవాళ్లు ఆ గీత మీదే బకిల్స్ పెట్టారు. మీరు ఏ మూత ఎంచుకున్నా, డబ్బు కట్టే ముందు బండి నడిపేవాళ్లను ఒక్కసారి అలా నిలబెట్టి అడగండి. వానలో దాన్ని బిగించేది వాళ్లే.